జవాబు ముందు, కారణాలు తర్వాత

మా కంపెనీ అమ్మకాల విభాగంలో నా ఈమెయిళ్లను నవలలంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు బాధపడాలి నిజానికి. నేను మాత్రం ఆ మాటను డైరీలో రాసుకుని, దాని కింద ఒక గీత కూడా గీసుకున్నాను. ఎవరికీ చెప్పకుండా పుస్తకాలు చదువుకునే మనిషికి అంతకంటే బిరుదేముంటుంది?

బిరుదు బాగానే ఉంది. దానివల్ల ఉద్యోగం పోయేలా ఉందన్నదే చిక్కు.

నేను ఐర్లండ్‌లో ఒక కంపెనీ లాయర్ని. అంటే కోర్టు మెట్లెక్కని లాయర్ని. కాకినాడలో మా బంధువులకు ఈ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు. నల్లకోటు లేదు, జడ్జి లేడు, వాయిదాలు లేవు, మరి రోజంతా ఏం చేస్తావంటారు. కంపెనీ ఎవరితో ఒప్పందం చేసుకోబోయినా, సంతకం కంటే ముందు దాన్ని చదివి, ఎక్కడ కాలు జారే ప్రమాదముందో చెప్పడం నా పని. దుకాణాల్లో పాలూ పెరుగూ పెట్టే పెద్ద పెద్ద ఫ్రిజ్‌లుంటాయి కదా, వాటికి తలుపులు తయారుచేసే కంపెనీ మాది. కోవిడ్ వచ్చాక కొత్త ఫ్రిజ్‌లు కొనే నాథుడు లేకపోయాడు. దానికి బదులు దేశంలో ప్రతి కౌంటరు ముందూ ఓ ప్లాస్టిక్ తెర నిలబెట్టాల్సొచ్చింది. మావాళ్లు తలుపులు ఆపి తెరలు మొదలుపెట్టారు.

లీగల్ విభాగంలో ఇద్దరమే ఉండేవాళ్లం. ఒకరు మా హెడ్. యాభై దాటిన ఐరిష్ ఆవిడ, నేవన్ అనే ఊళ్లో ఇల్లు, ఆ ఇంట్లో ప్రతి మీటింగులోనూ తన అభిప్రాయం చెప్పే కుక్క. రెండో మనిషిని నేను, ప్రసూతి సెలవులో ఉన్న మరొకావిడ స్థానంలో తాత్కాలికంగా చేరినదాన్ని. లాక్‌డౌన్‌లోనే చేరాను కాబట్టి ఆఫీసు లోపల ఎలా ఉంటుందో నేను చూడనే లేదు. హెడ్‌ని కూడా భుజాల వరకే చూశాను. ఆ సెలవులో ఉన్నావిడ వసంతంలో తిరిగొస్తుంది. ఆలోపు కంపెనీ నాకోసం ఇంకో ఉద్యోగం సృష్టించకపోతే, ఉద్యోగంతో ముడిపడిన నా వీసా కూడా ఆగిపోతుంది. పెట్టె సర్దుకోవడమే.

అక్టోబరులో ఒకరోజు హెడ్ ఈ విషయమే మాట్లాడటానికి ఫోన్ చేసింది. నీ పనిలో వంక పెట్టడానికేం లేదని, ఇంత శ్రద్ధగా చదివే లాయర్ని తాను చాలా ఏళ్లుగా చూడలేదని మెచ్చుకుంది. ఐరిష్ వాళ్లు అంత మెచ్చుకుంటున్నారంటే వెనకాల ఏదో వస్తోందని ఆ దేశంలో కొన్నాళ్లున్నవాళ్లెవరికైనా తెలుస్తుంది. వచ్చింది.

"నిన్ను ఉంచుకోమని నేను అడుగుతాను. కానీ పైవాళ్లు నా మాట కంటే ముందు సేల్స్ డైరెక్టర్ మాట అడుగుతారు. అతనేమో ఇంతవరకూ నీ గొంతే వినలేదంటున్నాడు."

అది అక్షరాలా నిజం. మీటింగుల్లో నేను మైకు మూసుకుని, చెప్పాల్సిందంతా చాట్‌లో రాసేదాన్ని. గుడ్ మార్నింగ్ కూడా చాట్‌లోనే చెప్పేదాన్ని. కాబట్టి హెడ్ నన్నొక శిక్షణలో చేర్పించింది. కంపెనీల్లో పనిచేసే లాయర్లకు నాయకత్వం నేర్పే ఆన్‌లైన్ తరగతులవి, ప్రతి మంగళవారం ఉదయం. అవి పూర్తయ్యేలోగా సేల్స్ డైరెక్టర్‌తో ఒక మీటింగు నువ్వే నడపాలి, నేను కెమెరా ఆపేసుకుని వింటానంది.

తరగతి చెప్పే ఆవిడ లండన్‌లో ఉండేది. ఆవిడ వెనకాల ఎప్పుడూ ఓ గిన్నెనిండా నిమ్మకాయలుండేవి. ఏ వారమూ ఒక్కటి తగ్గినట్టు కనిపించలేదు. తెర మీద చిన్న చిన్న చతురస్రాల్లో మేం, రకరకాల కంపెనీల లాయర్లం. మొదటి తరగతిలో ఆవిడ ఓ ప్రశ్నతో మొదలుపెట్టింది. మీ ఇంట్లో కుక్కకు ఆకలేస్తోందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? చివరికి ఓ పెద్దాయన, తెల్లగడ్డం, ఏదో మందుల కంపెనీ లాయరనుకుంటా, జాగ్రత్తగా గొంతు సవరించుకుని "అది పరిస్థితిని బట్టి ఉంటుంది" అన్నాడు. మేమందరం తలలూపాం. కుక్క చివరిసారి ఎప్పుడు తిన్నదో తెలియకుండా ఎలా చెప్తాం?

అదే మీ జబ్బు అంది ఆవిడ. బయటి లాయరు దగ్గరికి కంపెనీ తెలివి కోసం వెళ్తుంది, లోపలి లాయరు దగ్గరికి ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి వస్తుంది. మీరు కారణాలన్నీ చెప్పి ఆఖర్న జవాబు చెప్తారు, అంతసేపు ఎవరూ ఆగరు. జవాబు ముందు చెప్పండి, కారణాలు తర్వాత, అవీ అడిగితేనే. జవాబులు మూడే: సరే, వద్దు, ఫలానా మార్పు చేస్తే సరే. చెప్పాక క్షమాపణలు వద్దు, సాగదీయడం వద్దు, నోరు మూసుకుని అవతలివాళ్లను ఆలోచించుకోనివ్వండి. నేను ఇదంతా బుద్ధిగా రాసుకున్నాను. ఆ తర్వాత హోంవర్క్ ఇచ్చింది. వారంపాటు ఈ పద్ధతిని ఇంట్లో సాధన చెయ్యండి, ఇంట్లో అయితే ప్రమాదం తక్కువ.

ఆవిడ ఎప్పుడూ తెలుగువాళ్ల ఇంట్లో భోజనం చెయ్యలేదని నాకప్పుడే స్ఫురించి ఉండాల్సింది.

నేను లూకన్ అనే ఊళ్లో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో మేడ మీద చిన్న గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. మంచం వేస్తే కుర్చీ పట్టని గది. బల్ల కూడా పట్టదు కాబట్టి ఇస్త్రీ బల్లే నా ఆఫీసు. దాని ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, అలాంటి సౌకర్యం మా హెడ్‌కి కూడా లేదు. ఆంటీది గుంటూరు దగ్గర పల్లెటూరు. వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఆ రోజుల్లో డ్యూటీ నుంచి వస్తే వాకిట్లోనే చెప్పులకు స్ప్రే కొట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా సరాసరి స్నానానికి పోయేది. అంకుల్ సాఫ్ట్‌వేర్, డైనింగ్ టేబుల్ మీద ఆయన ఆఫీసు. ఎనిమిదేళ్ల పాప తెలుగులో అడిగినదంతా అర్థం చేసుకుని, జవాబు మాత్రం అచ్చం లూకన్ బస్టాపులో వినబడే ఇంగ్లీషులో ఇచ్చేది. ఇంట్లోనే ఉండి ఇంత మాట్లాడని మనిషిని నేనెక్కడా చూడలేదని ఆంటీ నా గురించి వాళ్ల చెల్లెలికి ఫోన్లో చెప్తుండగా విన్నాను. మెచ్చుకుంటోందో, జాలిపడుతోందో తేలలేదు.

భోజనాల దగ్గర మన పద్ధతి వేరే చెప్పక్కర్లేదు. మొదటిసారి వద్దంటే అది లెక్కలోకి రాదు. రెండోసారి వద్దనడం మర్యాద. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టి, "బాగుంది, చాలా బాగుంది, పొట్టలో చోటే లేదు" అని కారణం కూడా చూపిస్తే, అప్పుడు సగం గరిటె పడుతుంది. నిజానికి ఈ విషయంలో ఐరిష్ వాళ్లూ మనవాళ్లే. ఒక బిస్కెట్ తీసుకోవడానికి మా హెడ్ మూడుసార్లు "నో నో, ఐయామ్ గ్రాండ్" అంటుందని, నాలుగోసారి రెండు తీసుకుంటుందని ఆవిడే చెప్పి నవ్వేది. అక్కడ గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, బాగానే ఉంది అని. లండన్ ఆవిడకు ఈ రెండు దేశాల సంగతీ తెలియదు.

మర్నాడు బుధవారం, ఆంటీకి సెలవు. ఇండియన్ షాపులో ఎలాగో గోంగూర దొరికింది. లాక్‌డౌన్‌లో అది దొరకడమే ఒక వార్త. ఆంటీ గోంగూర మాంసం వండింది. నేను తృప్తిగా తిన్నాను. కొద్దిగా జలుబు చేసి ముక్కు బిగుసుకుని ఉన్నా, నాలుకకు పులుపు బాగానే తగిలింది. కంచం ఖాళీ అవుతుండగా గరిటె వచ్చింది.

"ఇంకాస్త ఏస్తానుండు."

నాకు హోంవర్క్ గుర్తొచ్చింది. జవాబు ముందు. కారణాలు అడిగితేనే.

"వద్దాంటీ."

అని ఊరుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టలేదు. బాగుందనలేదు. పాఠంలో చెప్పినట్టు ఆవిడ కళ్లలోకి చూస్తూ, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను.

గరిటె గాల్లో ఆగిపోయింది. అంకుల్ తలెత్తాడు.

"వద్దా?"

"వద్దు."

"గోంగూర మాంసం, వద్దా?"

నేను నోరు విప్పలేదు. అవతలివాళ్లను ఆలోచించుకోనివ్వాలి కదా. ఆంటీ నిజంగానే ఆలోచించింది. గరిటె గిన్నెలో పెట్టేసి, నర్సు గొంతుతో అడిగింది.

"పులుపు తెలుస్తందా నీకు?"

"తెలుస్తోంది."

"తెలిస్తే వద్దంటావా?"

ఎన్నో ఒప్పందాలు చదివాను కానీ, ఇంత గట్టి తర్కం నాకు తగల్లేదు. ఆంటీ లేచి ప్రెస్ తెరిచింది. వంటింటి అలమరను ఆ ఇంట్లో అందరూ ప్రెస్సే అనేవాళ్లు, పాపను చూసి నేర్చుకున్నారు. అందులోంచి కాఫీ పొడి సీసా తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. కాఫీ అన్నాను. సీసా చూసి చెప్పావు, కళ్లు మూసుకో అంది. మూసుకున్నాను. మళ్లీ ఏదో తెచ్చి ముక్కు కింద పెట్టింది. గట్టిగా పీల్చాను. జలుబు ముక్కుకు ఏదీ అందలేదు. పరీక్షలో తెల్లకాగితం ఇవ్వడం ఇష్టంలేని పిల్లలా "జీలకర్రా?" అన్నాను.

ఇంగువ.

ఆ డబ్బా మూత తీస్తే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు. అంకుల్ మెల్లగా కుర్చీ వెనక్కి జరిపాడు. పాప మాత్రం "మమ్మీ, షీ ఈజ్ గ్రాండ్, షీ జస్ట్ సెడ్ నో" అంది. ఆ ఇంట్లో నా కేసును సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ పిల్లొక్కతే. కానీ ఎవరూ వినలేదు.

పావుగంటలో నేను నా గదిలో ఉన్నాను. బయట నుంచి తలుపు దగ్గర చిన్న స్టూలు వేశారు, కంచం పెట్టడానికి. ఆంటీ జీపీకి, అంటే మా వీధుల డాక్టరుకి, ఫోన్ చేసింది, జీపీ పరీక్షకు రాసింది. మర్నాడు పొద్దున్నే అంకుల్ నన్ను కారు వెనక సీట్లో మూలకు కూర్చోబెట్టి, నాలుగు కిటికీలూ దించి, మాస్కు మీద మాస్కు వేసుకుని, చలిగాలిలో ఓ స్టేడియం పార్కింగులో వేసిన గుడారానికి తీసుకెళ్లాడు. దారి పొడవునా ఒక్క మాటే అన్నాడు. "నువ్వు ఇంకోసారి వేయించుకుని ఉంటే అయిపోయేదమ్మా."

నవ్వుతాలుగా చెప్తున్నాను కానీ, నాకు లోపల గుచ్చుకున్న సంగతి వేరే ఉంది. నా ఫలితం వచ్చేదాకా ఆంటీ డ్యూటీకి వెళ్లకూడదు. అప్పటికే మనుషులు చాలని నర్సింగ్ హోమ్‌లో నా ఒక్క 'వద్దు' వల్ల ఇంకో నర్సు తగ్గింది. తలుపు సందులోంచి సంగతంతా చెప్పబోయాను. హోంవర్క్ అని మొదలుపెట్టానో లేదో, ముందు పడుకో, చదువు తర్వాత అంది. ఇంగువ తెలియని మనిషి చెప్పే కారణాలకు విలువేముంటుంది?

సాయంత్రానికి మాట పాకింది. వాళ్లది తెలుగు క్రైస్తవ కుటుంబం, ఆంటీకి ఫోన్లో ఒక ప్రార్థన గుంపు ఉంది, ఐర్లండ్‌లో ఎక్కడెక్కడో ఉన్న తెలుగు నర్సులందరూ అందులోనే. నేవన్ నుంచి ఒకావిడ, నన్ను ఎప్పుడూ చూడని మనిషి, మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో వాయిస్ మెసేజ్ పంపింది. కిల్కెన్నీ ఆసుపత్రిలో పనిచేసే ఇంకొకావిడ నేరుగా ఫోన్ చేసి "ఉల్లిపాయ కోసి చూశావా తల్లీ, కళ్లల్లో నీళ్లొస్తున్నాయా?" అని వివరంగా విచారించింది. కొత్తవాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటే ముందు కాగితం మీద రాసుకునేదాన్ని నేను. ఆ ఒక్క సాయంత్రం నా జీవితంలో అంతకుముందు మాట్లాడినదానికంటే ఎక్కువ మాట్లాడి ఉంటాను. రాత్రి భోజనాలకు ముందు గోడ అవతల స్పీకర్‌లో ప్రార్థన వినబడింది. "మా లాయరమ్మ నాలుకను ముట్టుము ప్రభువా" అని ఓ గొంతు వేడుకుంటోంది. ఆమేన్ అన్నాను నేను కూడా, ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి. నా నాలుకకు సాయం కావాలన్నది ఆవిడ అనుకున్నదానికంటే నిజం. ఎందుకంటే మర్నాడే సేల్స్ డైరెక్టర్‌తో నా మీటింగు.

విషయం ఇది. ఒక మందుల దుకాణాల సంస్థ మా దగ్గర తెరలు కొనబోతోంది. పెద్ద ఆర్డరు. వాళ్లు పంపిన ఒప్పందంలో, అన్ని పేజీలూ దాటాక, ఒక వాక్యం ఉంది. ఈ తెర వెనక నిలబడి పనిచేసేవారికి వ్యాధి సోకదని తయారీదారు హామీ ఇస్తున్నారు. తయారీదారంటే మేమే. ప్లాస్టిక్ బిళ్లకు ఇంత పెద్ద మాట కట్టబెట్టకూడదు. రేపు ఒక్క ఫార్మసిస్టు దగ్గినా ఆ నేరం మా మీద పడుతుంది. దీనిమీద నేను మంచి నవలొకటి రాసి పెట్టుకున్నాను, నాలుగు పేరాలు, రెండో పేరా నాకు ప్రత్యేకంగా నచ్చింది.

సేల్స్ డైరెక్టర్ తన కారులోంచి మీటింగుకు వచ్చాడు. ఇంట్లో కవల పసిపిల్లలు, అందుకని వాకిట్లో ఆపిన కారే ఆయన ఆఫీసు. పెద్ద మనిషి, ఎర్రటి మొహం, వాన పడుతున్న అద్దాలు. హెడ్ కెమెరా ఆపేసుకుంది. నల్లటి చతురస్రంలోంచి కుక్క ఊపిరి మాత్రం వినబడుతోంది. నేను మైకు తెరిచాను.

ఆయన కుశలప్రశ్నలు పెట్టుకోలేదు. సంతకం ఇవాళ పెట్టేయొచ్చా అన్నాడు. కొనేవాళ్లు తొందరపడుతున్నారు, ఆలస్యమైతే వేరే వాళ్ల దగ్గరికి పోతారు.

నేను నోరు తెరిచాను. నా నాలుగు పేరాలూ ఒకేసారి గొంతులోకి తోసుకొచ్చాయి. సూత్రప్రాయంగా చూస్తే, అయితే, మరోవైపు, అని మూడు వాక్యాల మొదళ్లు బయటికొచ్చాయి, ఒక్కదానికీ తోక రాలేదు. ఆయన చూపు పక్కకు జారడం కనిపించింది. ఫోన్ చూసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు ఆంటీ తలుపు దబదబా బాదింది.

"అమ్మా, రసం పెట్టా. ముందు వాసన చూసి చెప్పు. తాగమాక, ముందు వాసన."

మైకు తెరిచే ఉంది. ఆయన ఫోన్ పక్కన పెట్టి, ఏమిటది అన్నాడు.

ఇంకో రోజైతే ఏమీ లేదండీ అని సిగ్గుతో కుంగిపోయేదాన్ని. ఆ నిమిషంలో దాచడానికి ఓపిక లేదు. నన్ను విడిగా ఉంచారని చెప్పాను. రెండోసారి మాంసం వద్దన్నానని మా ఇంటివాళ్లు నాకు కోవిడ్ అనుకుంటున్నారు. రెండే వాక్యాలు. ఆయన కారు ఊగేలా నవ్వాడు. మా అత్తగారింట్లో అయితే ఫాదర్‌ని పిలిపించేవాళ్లన్నాడు. ప్రార్థన నిన్ననే అయిపోయిందన్నాను. మళ్లీ నవ్వాడు. నల్లటి చతురస్రం కూడా నవ్వింది.

తర్వాత కళ్లు తుడుచుకుని మళ్లీ అడిగాడు. "సరే, చెప్పు. సంతకం పెట్టనా?"

"వద్దు," అన్నాను. "ఆ ఆఖరి వాక్యం తీసేస్తే పెట్టండి."

ఎందుకని అడిగాడు. అడిగాడు కాబట్టి చెప్పాను. నేను ఉంటున్నది నర్సు ఇంట్లో. ఇల్లంతా శానిటైజరు వాసన, తలుపు హ్యాండిళ్లు కూడా రోజూ తుడుస్తుంది. అంత చేసే మనిషి కూడా నాకు జబ్బుందో లేదో ఇవాళ చెప్పలేకపోతోంది, పరీక్ష ఫలితం కోసం చూస్తోంది. మనం మాత్రం ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఒక ప్లాస్టిక్ బిళ్ల చూపించి, మీకు రాదు అని రాసిస్తున్నాం.

చెప్పి ఆగాను. ఆగడం మాట్లాడటం కంటే కష్టమని అప్పుడు తెలిసింది. ఆయన కారు మీద వాన చప్పుడు వినబడుతోంది. ఇంకో కారణం కలుపుదామా, సారీ అందామా అని నాలుక దురద పెడుతోంది.

వాళ్లు ఒప్పుకోకపోతే నా ఆర్డరు పోతుందన్నాడు చివరికి. నవ్వడం లేదు. పోవచ్చన్నాను. అది ఆయనకు నచ్చలేదు. మొహం ఇంకా ఎర్రబడింది. లాయర్ల సంగతి ఇంతే, వద్దనేసి ఇంట్లో కూర్చుంటారు, కొనేవాడికి మొహం చూపించాల్సింది మేం కదా అన్నాడు. అందులో న్యాయం ఉంది. మా తరగతిలో ఇలాంటి చోట ఏం చెయ్యాలో చెప్పలేదు, లేదా నేనింకా ఆ పాఠానికి రాలేదు.

"వాళ్ల లాయరుకు నేను ఫోన్ చేస్తాను," అన్నాను.

"నువ్వు?"

"నేనే. ఇప్పుడే చేస్తాను."

ఆ మాట ఎవరన్నారా అని నేనే ఆశ్చర్యపోయాను. ఆయన కాసేపు గడ్డం రుద్దుకుని, "గ్రాండ్, చూద్దాం" అని వెళ్లిపోయాడు. హెడ్ చతురస్రం ఏ మాటా లేకుండా మాయమైంది. అది మంచికో చెడుకో తెలియలేదు.

ముందు రాసుకోకుండా ఫోన్ కలిపాను. రాసుకుంటే చెయ్యనని తెలుసు. అవతల ఎత్తినావిడ గొంతు నాకంటే చిన్నగా ఉంది. నేను ఆ వాక్యం సంగతి చెప్పగానే ఓ నిట్టూర్పు వినబడింది. ఆవిడా కంపెనీ లోపలి లాయరే. ఆ వాక్యం తను రాసింది కాదు, దుకాణాల విభాగం వాళ్లు ఎవరో ఇరికించారు, మొదటి రోజు నుంచీ ఆవిడకు నచ్చలేదు. మరి వద్దనలేదా అని అడిగాను. వాళ్లు మీటింగులో అందరూ ఒకేసారి మాట్లాడతారు, నేను తర్వాత ఈమెయిల్ పెట్టాను, చాలా వివరంగా పెట్టాను అంది. నాకు ఆవిడని కౌగిలించుకోవాలనిపించింది, అప్పట్లో అది నేరం కాకపోతే. ఇద్దరం కలిసి కొత్త వాక్యం రాశాం. తెర మందం ఇంత, ఎత్తు ఇంత, పగలదు, పసుపెక్కదు. మేం నిలబెట్టుకోగల మాటలు. మీ కంపెనీ లాయరు ఒప్పుకోవడం లేదని మావాళ్లకు చెప్పుకుంటాను, ఏమీ అనుకోరు కదా అంది. నిరభ్యంతరంగా చెప్పమన్నాను. సోమవారం సంతకాలయ్యాయి.

ఆలోపు శనివారం మధ్యాహ్నం నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కోవిడ్ లేదు. వట్టి జలుబే.

తలుపు తీసి కిందికి దిగాను. ఆంటీ "స్తోత్రం" అని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆ కళ్లలో వేరే ప్రశ్న కనబడింది.

"జబ్బు లేకపోతే మరి గోంగూర ఎందుకు వద్దన్నావు?"

అప్పుడర్థమైంది, జబ్బుండటమే నాకు కాస్త నయమని. మొదటి నుంచీ చెప్పాను. తరగతి, నిమ్మకాయలావిడ, జవాబు ముందు, కారణాలు తర్వాత. శాశ్వత ఉద్యోగం సంగతి, సేల్స్ డైరెక్టర్ సంగతి. ఆంటీ డ్యూటీ పోగొట్టినందుకు నాకెంత సిగ్గుగా ఉందో కూడా చెప్పాను. అంకుల్ ల్యాప్‌టాప్ మూసి మరీ విన్నాడు.

"వద్దనడానికి క్లాసులా?" అంది ఆంటీ. "కంపెనీయే డబ్బు కట్టి చెప్పిస్తందా?"

"మన పెళ్లికి ముందుంటే నేనూ చేరేవాణ్ణి," అన్నాడు అంకుల్.

ఆంటీ ఆయన్ని పట్టించుకోలేదు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "చూడమ్మాయ్, నేను డ్యూటీలో పొద్దస్తమానం వద్దనే చెప్తా. డాక్టరుకి చెప్తా, మేనేజరుకి చెప్తా, మంచం దిగబోయే ముసలాయనకి చెప్తా. ఒక్క మాటే చెప్తా, రెండోది ఉండదు. అది పని. ఇక్కడ అన్నం దగ్గర నేను అడిగేది నీకు కావాలా వద్దా అని కాదు."

లేచి వెళ్లి స్టవ్ వెలిగించింది.

తర్వాతి మంగళవారం హోంవర్క్ ఎలా సాగిందని లండన్ ఆవిడ అడిగింది. అందరూ చాట్‌లో రాస్తుంటే నేను మైకు తెరిచి చెప్పాను. తెల్లగడ్డం పెద్దాయన నవ్వీ నవ్వీ దగ్గాడు. అందరం ఒక్క క్షణం భయంగా ఆయన వంక చూశాం. ఆయన చెయ్యూపి నీళ్లు తాగాడు. ఆవిడ మాత్రం నా కథ విని, ఈ అభ్యాసాన్ని వచ్చే బృందానికి కాస్త మార్చి ఇవ్వాలని ఏదో రాసుకుంది.

హెడ్ ఫోన్ చేసేసరికి క్రిస్మస్ దగ్గరపడింది. సేల్స్ డైరెక్టర్‌ని పైవాళ్లు అడిగారట. ఆయన ఏమన్నాడో హెడ్ ఆయన గొంతులోనే చేసి వినిపించింది. "మిగతా లాయర్లు వద్దని చెప్పడానికి రెండు వారాలు తీసుకుంటారు. ఆ అమ్మాయి నిమిషంలో చెప్తుంది. ఆ మిగిలిన టైములో నేను ఇంకో కస్టమర్‌ని వెతుక్కోవచ్చు. ఉంచండి." అంతే, పొగడ్త లేదు. నాకు మాత్రం దానికంటే పొగడ్త అక్కర్లేదనిపించింది. ఉద్యోగం ఖాయమైంది, శాశ్వతంగా, వసంతం నుంచి.

"ఒప్పుకుంటున్నావా మరి?" అంది హెడ్. తొలి వాక్యంలోనే జవాబు వస్తుందని ఆవిడ ఎదురుచూస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

"ఒప్పందం పంపండి, చదివి చెప్తాను," అన్నాను.

అవతల ఎంత పెద్దగా నవ్విందంటే కుక్క కూడా మొరిగింది. పంపింది. చదివాను, అలవాటు ప్రకారం ఆఖరి పేజీ దాకా. అందులో నాకు మళ్లీ ఆరు నెలల ప్రొబేషన్ పెట్టారు, కొత్తగా చేరినవాళ్లకు పెట్టినట్టే. ఇన్ని నెలలు నా పని చూశాక ఇంకా పరీక్షించేదేముందని అడిగాను. కంపెనీ అందరికీ వాడే కాగితమది, అలాగే ఉంటుంది, పట్టించుకోకు అంది. పట్టించుకోకూడని వాక్యమైతే తీసేయడం తేలికే కదా అన్నాను.

"ఆ క్లాసుకు నిన్ను పంపింది నేనే," అంది హెడ్, తనలో తాను అనుకుంటున్నట్టు.

సాయంత్రానికి ఆ వాక్యం లేని కాగితం వచ్చింది. ఇస్త్రీ బల్ల మీదే సంతకం పెట్టి, కిందికి వెళ్లి ఆంటీకి చెప్పాను. ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ ముందు ఒక్క సంగతే అడిగింది, అయితే గది ఖాళీ చెయ్యవు కదా అని. చెయ్యనన్నాను.